ఆ ఇంటికి రోబీ పేరే ఉండాలి

చికాగోలో హైడ్ పార్క్ దగ్గర, 58వ వీధి, ఉడ్‌లాన్ అవెన్యూ కలిసే మూల మీద ఒక పొడవాటి ఎర్ర ఇటుకల ఇల్లు ఉంది. పేరు రోబీ హౌస్. దాని గురించి ఎవరు చెప్పినా, ఏ గైడు నోరు విప్పినా మొదట వచ్చే పేరు ఫ్రాంక్ లాయిడ్ రైట్‌ది. ఆయన కట్టిన ప్రెయిరీ ఇళ్ళన్నిటిలోకీ, అంటే అమెరికా మైదానాల్లా నేల మీద అడ్డంగా పరుచుకున్నట్టుండే ఇళ్ళలోకీ, ఇదే గొప్పదంటారు. 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన ఆయన ఎనిమిది కట్టడాల్లో ఇదీ ఒకటి. ఆర్కిటెక్ట్‌గా రైట్ గొప్పతనం గురించి నాకే సందేహమూ లేదు. కానీ ఈ ఇంటి కథ చెప్పేటప్పుడు కట్టించుకున్న మనిషిని డబ్బిచ్చి పక్కకు తప్పుకున్నవాడిలా చూపిస్తారు. అది చాలా అన్యాయం అనిపిస్తుంది నాకు. ఆ ఇల్లు అంత బాగా రావడానికి సగం కారణం, తనకేం కావాలో ఫ్రెడరిక్ రోబీకి ముందే తెలిసి ఉండటం.

1908లో అక్కడ స్థలం కొనేటప్పటికి రోబీకి ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. తండ్రి జార్జ్ రోబీది ఎక్సెల్సియర్ సప్లై కంపెనీ. సైకిళ్ళు, విడిభాగాలు, ఆ తర్వాత మోటారు సైకిళ్ళు. కొడుకు పర్డ్యూ యూనివర్సిటీలో ఇంజనీరింగ్‌లో చేరి పూర్తి చేయకుండానే వ్యాపారంలోకి వచ్చేశాడు. యంత్రాలన్నా కార్లన్నా ప్రాణం. భార్య లోరా చికాగో యూనివర్సిటీలో చదువుకున్నావిడ. క్యాంపస్‌కి దగ్గరగా ఉండాలని ఆ మూల స్థలం తీసుకున్నారు. 60 అడుగుల వెడల్పు, 180 అడుగుల పొడవు. మన లెక్కలో 1200 గజాలు. చికాగో నగరంలో చిన్నదేమీ కాదుగానీ, సన్నగా, పొడుగ్గా ఉండే ఇబ్బందికరమైన ముక్క.

రోబీ నేరుగా రైట్ దగ్గరకు వెళ్ళలేదు. ముందు తనే కాగితం మీద గీతలు గీసుకుని, కావలసినవి రాసుకుని కొందరు బిల్డర్లకు చూపించాడు. వాళ్ళలో చాలామంది చెప్పింది ఒకటే: ఓహో, నీక్కావలసింది ఆ రైట్ గాడు కట్టే రకం ఇల్లన్నమాట! ఈ సంగతి రోబీయే, ఎనభైకి దగ్గరపడుతున్న వయసులో, 1958లో ఒక పత్రికకు చెప్పాడు. ఈ కథ నాకు చాలా ఇష్టం. రైట్ ఇల్లు ఎలా ఉంటుందో చూసి ముచ్చటపడి అలాంటిదే కావాలని ఆయన అడగలేదు. తన అవసరాలు తను చెప్పుకుంటే అవి రైట్ దగ్గరకు దారి చూపించాయి.

ఆయన ఏమడిగాడు? గదులు ఒకదాన్నుంచి ఇంకోదానికి అడ్డు లేకుండా సాగాలి. ఆ కాలపు డబ్బున్న ఇళ్ళలో ఉండే బరువైన కర్టెన్లు, దుమ్ము పట్టే అలంకారాలు వద్దు. పొద్దున్నే పనికి వెళ్ళేముందు హాల్లో ఎండ పడాలి. వీధి, చుట్టుపక్కల ఇళ్ళు తనకు కనబడాలి, తను మాత్రం వీధికి కనబడకూడదు. పిల్లలు రోడ్డు మీదికి వెళ్ళిపోకుండా గోడ కట్టిన పెరడు ఉండాలి. వాళ్ళ ఆటకు వేరే చోటు కావాలి. నిప్పుకు తట్టుకోవాలి. 1871 అగ్నిప్రమాదాన్ని మర్చిపోని ఊళ్ళో ఎవరైనా అడిగేదే ఆ చివరిది.

ఈ జాబితా మరొక్కసారి చదవండి. ఇందులో ఎక్కడా ఇల్లు బయటికి ఎలా కనిపించాలో లేదు. స్టైల్ పేరు లేదు, పలానావారి ఇంటిలాగా అన్న మాట లేదు. ఉన్నదంతా లోపల బతికే మనిషికి పొద్దున్నుంచి రాత్రిదాకా ఏం జరగాలన్నదే. కొన్ని కోరికలు ఒకదానికొకటి అడ్డం కూడా. వీధి కనబడాలి, తను కనబడకూడదు అంటే ఎలా? మన అరుగు మీద కూర్చుంటే వీధంతా మనకు కనిపిస్తుంది, మనమూ వీధికి కనిపిస్తాం. అరుగు ఉన్నదే అందుకు. రోబీకి అందులో సగమే కావాలి. ఒక ఆర్కిటెక్ట్‌కి ఇంతకంటే మంచి చిక్కుముడి ఎవరిస్తారు?

రైట్ ఆ ముడి విప్పిన తీరు చూడటానికే నేను ఆ ఇంటికి మళ్ళీ మళ్ళీ వెళ్తుంటాను. ముందు హాలునూ భోజనాల గదినీ కింద కాకుండా పై అంతస్తులో పెట్టాడు. కింద బిలియర్డ్స్ గది, పిల్లల ఆట గది. పైన దక్షిణం వైపు పొడవునా గాజు తలుపుల వరస, దాని ముందు బాల్కనీ, బాల్కనీకి బలమైన ఇటుక పిట్టగోడ. కాలిబాట మీద నిలబడి తలెత్తితే పిట్టగోడ, దాని పైన చూరు నీడ తప్ప ఇంకేమీ కనబడదు. లోపలివాళ్ళకు పిట్టగోడ మీదుగా వీధి, చెట్లు, ఆకాశం కనిపిస్తాయి. పైగా గాజు మామూలు గాజు కాదు. ఇంటి మొత్తం మీద 174 గాజు పలకలు, సన్నటి లోహపు గీతల మధ్య రంగు ముక్కలు పొదిగినవి. ఆ డిజైన్ వల్ల బయటి చూపు గాజు దగ్గరే ఆగిపోతుంది, వెలుతురు మాత్రం లోపలికి వస్తుంది. కర్టెన్లు వద్దన్నాడుగా, వాటి పని ఈ గాజు చేస్తుంది. దుమ్ము సమస్య, పరుల కంటి సమస్య రెండూ ఒకే దెబ్బతో తీరాయి. ఆ కిటికీల అందం గురించి బోలెడంత రాశారు. ఆ అందానికి ఒక పని ఉందని రాసినవాళ్ళు తక్కువ.

గదులకు అడ్డు ఉండకూడదన్న కోరిక తీర్చడం కోసం రైట్ హాలుకీ భోజనాల గదికీ మధ్య గోడ తీసేశాడు. రెండిటి మధ్యా ఉన్నది పొయ్యిగూడు, దాని పొగగొట్టం మాత్రమే. అది కూడా పైకప్పు దాకా మూసుకుపోలేదు. పైన ఖాళీ వదిలాడు, ఆ ఖాళీలోంచి ఈ గది కప్పు ఆ గదిలోకి సాగిపోవడం కనబడుతుంది. ఇప్పుడు మనం అపార్ట్‌మెంట్ బ్రోచర్లలో ఓపెన్ హాల్ అని చదివి మామూలే అనుకుంటాం. 1910లో డబ్బున్నవాళ్ళ ఇళ్ళంటే గదికో తలుపు, తలుపుకో తెర. అలాంటి కాలంలో ఒక యువకుడు నాకు అడ్డాలు వద్దు అని చెప్పడం, చెప్పింది వినేవాడు దొరకడం మామూలు విషయం కాదు.

ఇక చూరు. ఈ ఇంటి ఫొటో చూసినవాళ్ళెవరికైనా గుర్తుండిపోయేది అదే. పడమటి వైపున కింద ఏ స్తంభమూ లేకుండా చివరి ఇటుక దిమ్మెను దాటి దాదాపు 20 అడుగులు ముందుకు వచ్చేసి ఉంటుంది. లోపల ఉక్కు దూలాలున్నాయి కాబట్టే అది సాధ్యమైంది. చెక్కతో అంత దూరం తీసుకువెళ్తే ఎప్పుడో వాలిపోయేది. దక్షిణం వైపు చూరు అంత ఆడంబరంగా ఉండదు, కానీ దాని లెక్క అద్భుతం. చికాగో దాదాపు 42 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. నడి వేసవి మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన దాదాపు 72 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు ఆ చూరు నీడ గాజు తలుపులను పై నుంచి కింది అంచు దాకా కప్పుతుంది. డిసెంబరులో సూర్యుడు 25 డిగ్రీలకు దిగిపోతాడు. ఎండ చూరు కిందనుంచి దూరి గది లోపలి దాకా వస్తుంది. మంచు కురిసే ఊళ్ళో అది వరం. వేసవిలో ఎండ వద్దు, చలికాలంలో కావాలి. ఒక చూరు ఆ రెండు పనులూ చేస్తోంది, మరతోనో మీటతోనో పని లేకుండా.

ఇక్కడ ఆగి మా ఇంటి సంగతి చెప్పాలి. తెనాలిలో నాన్న కొన్న స్థలంలో తమ్ముడు ఇల్లు కట్టిస్తున్నాడు. రాత్రి పూట వాట్సాప్‌లో ఫొటోలు వచ్చి పడతాయి. "ఎలివేషన్ చూడక్కా, ఎలా ఉంది?" అంటాడు. ముందు మొత్తం గాజు, పక్కన రాతి పలకలు, పైన ముందుకు పొడుచుకొచ్చిన స్లాబు. వాటిలో ఒకటి అచ్చం రోబీ హౌస్‌ని చూసి గీసినట్టే ఉంది. "ఇది చికాగో మోడల్ అంట, కాంట్రాక్టర్ చెప్పాడు" అన్నాడు.

నాకు టెన్షన్ మొదలైంది. తెనాలి 16 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. జూన్‌లో నడినెత్తి దాటి ఉత్తరానికి కూడా జరుగుతాడు. కాబట్టి దక్షిణానికి చికాగో లెక్కతో చూరు వేస్తే మే, జూన్ మధ్యాహ్నాల్లో దానికి పెద్దగా పనే ఉండదు. మనల్ని కాల్చేది పై స్లాబు, సాయంత్రం పడమటి గోడ. మా వాడి ప్లానులో ఆ పడమటి గోడంతా గాజే. "మరి ఏసీ ఉంటుందిగా అక్కా" అన్నాడు. కరెంటు పోతే? దానికి ఇన్వర్టర్ అన్నాడు. ఇలా ఒక తప్పుకు ఇంకో యంత్రం తగిలిస్తూ పోవచ్చు, బిల్లు కట్టేది వాడే కాబట్టి. నేనడిగింది వేరే. "నువ్వు సాయంత్రం ఇంటికొచ్చాక ఎక్కడ కూర్చుంటావురా?" చాలాసేపు మాట్లాడలేదు. ఆ ప్రశ్న వాణ్ణి ఎవరూ అడగలేదు. ద్వారం ఏ దిక్కున ఉండాలో అడిగారు, ఎన్ని అంతస్తులో అడిగారు, ముందు ఏ రాయి వెయ్యాలో అడిగారు.

రోబీ హౌస్‌ని కాపీ కొట్టడం తప్పని నేననను. దాని బొమ్మను కాపీ కొడుతున్నారు, అది పుట్టిన పద్ధతిని వదిలేస్తున్నారు, నా బాధ అది. పద్ధతిని తెచ్చుకుంటే తెనాలిలో పుట్టే ఇల్లు చికాగో ఇంటిలా కనిపించనే కనిపించదు. పడమర మూసేసిన గోడ, స్లాబు మీద వేడి ఆపే పొర, గాలి ఏ వైపు నుంచి వస్తే ఆ వైపు కిటికీలు, లోతైన వసారా. చూస్తే ఎవరికీ రైట్ గుర్తుకు రాడు.

రైట్ ఒక్కడే ఆ ఇంటిని కట్టాడన్న మాట కూడా అంత సరైంది కాదు. 1909 వసంతంలో పని మొదలైంది. ఆ శరదృతువులోనే ఆయన కుటుంబాన్ని, ఆఫీసును వదిలి మేమా చేనీ అనే స్త్రీతో యూరప్ వెళ్ళిపోయాడు. ఇల్లు అప్పటికి సగంలో ఉంది. ఆఫీసు బాధ్యత హెర్మన్ వాన్ హోల్స్ట్ తీసుకున్నాడు. ఇంట్లో సామాను, తివాచీల పని జార్జ్ నీడెకెన్ చూశాడు. మేరియన్ మహోనీ అనే ఆర్కిటెక్ట్ ఆ పనిలో ఉంది. రైట్ ఆఫీసుకు పేరు తెచ్చిన డ్రాయింగుల్లో చాలా భాగం ఆమె చేతివే. తర్వాత ఆమె, భర్త వాల్టర్ బర్లీ గ్రిఫిన్ కలిసి ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరా ప్లాను చేశారు. 1930లలో ఇద్దరూ మన దేశం వచ్చి లక్నోలో పని చేశారు, గ్రిఫిన్ 1937లో అక్కడే చనిపోయాడు. మహోనీ గురించి మన భాషలో ఎవరైనా వివరంగా రాస్తే బాగుండును.

తాపీ మేస్త్రీలనూ మర్చిపోకూడదు. ఆ ఇటుకలు మామూలు సైజువి కావు, సన్నగా, పొడుగ్గా ఉండే రోమన్ ఇటుకలు. అడ్డంగా వచ్చే దరజుల్లో లేత రంగు సున్నం, అదీ లోతుగా గీకి వదిలారు, నీడ పడేలా. నిలువు దరజుల్లో మాత్రం ఇటుక రంగే కలిపి, ఇటుకతో సమానంగా నింపేశారు. దాంతో నిలువు గీతలు మాయమైపోయి గోడంతా అడ్డగీతలతో పరుగెడుతున్నట్టు కనబడుతుంది. ఒకే గోడలో రెండు రంగుల సున్నం, రెండు రకాల పాయింటింగ్! గోడలు కట్టించినవాళ్ళెవరికైనా అందులో ఎంత ఓపిక ఉందో అర్థమవుతుంది. ఆ చేతుల పేర్లు ఎక్కడా లేవు. ఇంత చేసీ స్థలం, కట్టడం, సామాను అన్నీ కలిపి ఖర్చు 59 వేల డాలర్ల లోపే అయింది. రోబీ సిద్ధపడ్డ 60 వేలు దాటలేదు. రైట్ ఇళ్ళలో ఖర్చు లెక్క దాటకపోవడం అరుదు. ఇక్కడ దాటకపోవడానికి అడగాల్సినవి ముందే అడిగేయడం ఒక కారణమని నా నమ్మకం.

నా వాదనకు బలమైన ఎదురు వాదన ఒకటుంది. అంత తెలిసి అడిగి కట్టించుకున్న మనిషి ఆ ఇంట్లో ఎన్నాళ్ళున్నాడు? రెండేళ్ళు కూడా లేడు. 1909లో తండ్రి చనిపోయాడు, నెత్తిన అప్పులు మిగిల్చి. వాటిని తీరుస్తానని కొడుకు మాటిచ్చాడు. 1910 మేలో గృహప్రవేశం చేశారు. ఏడాది తిరగకుండానే సంసారం విడిపోయింది, లోరా పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయింది. 1911 డిసెంబరులో ఇల్లు అమ్మేశాడు. కొన్న డేవిడ్ టేలర్ ఏడాదిలోపే చనిపోయాడు. ఆ తర్వాత విల్బర్ కుటుంబం 1926 దాకా ఉంది. ఆపైన ఆ గదుల్లో ఏ కుటుంబమూ కాపురం చేయలేదు. ఇది ఇల్లుగా ఓడిపోయింది, బొమ్మగా గెలిచింది అనేవాళ్ళున్నారు.

నేనొప్పుకోను. రోబీ అక్కడ ఉండలేకపోవడానికి కారణం అప్పు, తెగిన బంధం. వాటిని ఏ చూరూ ఆపలేదు. ఇంటిని తూచాలంటే విల్బర్ కుటుంబాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఆ ఇంటిని అడిగి కట్టించుకున్నది వాళ్ళు కాదు. అయినా అందులో పద్నాలుగేళ్ళు కాపురం చేశారు. ఒకరు తన కోసం స్పష్టంగా అడిగింది ఇంకొకరికి కూడా సరిపోయింది. పిల్లల్ని వీధికి పోనివ్వని గోడ, చలికాలపు ఎండ, బయటి చూపు పడని హాలు ఎవరికి అక్కర్లేదు?

1926లో ఒక క్రైస్తవ మత విద్యాలయం ఆ ఇంటిని కొంది. వాళ్ళకు కావలసింది ఇల్లు కాదు, కింద ఉన్న స్థలం. హాస్టల్‌గా, భోజనశాలగా వాడుతూ వచ్చారు. 1941లో కూల్చాలనుకుంటే నిరసనలు వచ్చి ఆగింది. 1957లో మళ్ళీ కూలుస్తామన్నారు. అప్పుడు 89 ఏళ్ళ రైట్ స్వయంగా ఆ ఇంటికి వచ్చాడు. ఆత్మకు సంబంధించినదేదీ మతగురువుల చేతుల్లో పెట్టకూడదని దీన్ని బట్టి తెలుస్తోందని పత్రికలవాళ్ళ ముందు ఎత్తిపొడిచాడు. ఆ మాట అందరికీ గుర్తుంది. ఇంటిని కాపాడింది మాత్రం ఆ మాట కాదు. పక్కనే ఉన్న రెండు విద్యార్థి సంఘాలు తమ భవనాలను మీరు తీసుకోండి, దీన్ని కూల్చకండి అని ముందుకొచ్చాయి. విలియం జెకెండార్ఫ్ అనే రియల్ ఎస్టేట్ వ్యాపారి 1958లో లక్షా పాతికవేల డాలర్లకు ఇంటిని కొన్నాడు, 1963లో చికాగో యూనివర్సిటీకి ఇచ్చేశాడు. రోబీ అప్పటికి ఏడాది క్రితమే చనిపోయాడు. 1957 గొడవ జరుగుతున్నప్పుడు ఆయన బతికే ఉన్నాడు. అప్పటి వార్తల్లో మోగిన పేరు మాత్రం రైట్‌దే.

ఇప్పుడు ఆ ఇల్లు చూడటానికి టికెట్ ఉంది. బాగు చేయించడానికి కోట్ల డాలర్లు పెట్టారు, 2019లో ఆ పని ముగిసింది. భోజనాల బల్ల, ఎత్తైన వీపుల కుర్చీలు యూనివర్సిటీ వాళ్ళ స్మార్ట్ మ్యూజియం సొత్తు. ఎదురుగా బిజినెస్ స్కూల్ కట్టినప్పుడు దానిక్కూడా ఈ ఇంటి అడ్డగీతలే తీసుకున్నారు. బొమ్మ ప్రభావం అంత దూరం వెళ్ళింది.

నాకీ ఇంట్లో నచ్చని భాగం ఒకటుంది, అది కూడా అడగడంతో ముడిపడినదే. దక్షిణపు ఎండ అంతా హాలుకు, భోజనాల గదికి వచ్చింది. వంటిల్లు వెనక ఉత్తరపు భాగంలో ఉంది. పనివాళ్ళ గదులు కూడా ఆ వెనక భాగంలోనే, మూడు కార్ల గ్యారేజీ వైపు. 1958లో రోబీ చెప్పుకున్న కోరికలు మళ్ళీ చూడండి, అన్నీ హాల్లో కూర్చునే మనిషివి. పొయ్యి దగ్గర నిలబడే మనిషికి పొద్దున్నే ఎండ కావాలో వద్దో ఆ జాబితాలో లేదు. అడగనిది ఎంత గొప్ప ఆర్కిటెక్టయినా ఇవ్వడు. ఇచ్చాడనుకున్నా అది ఆయన దయ అవుతుంది, మన ఇల్లు అవదు.

అందుకే మా తమ్ముడికి రెండో ప్రశ్న వేశాను, అమ్మనడిగావా అని. అడగలేదన్నాడు. ఆ రాత్రే ఫోన్ అమ్మకు ఇప్పించి, నీకేం కావాలో చెప్పమ్మా అన్నాను. "నాకేం కావాలే, మీ ఇష్టం" అంది మొదట. కాసేపాగి ఒక్కొక్కటిగా చెప్పడం మొదలుపెట్టింది. వంటింట్లోంచి గేటు కనబడాలి, ఎవరొచ్చారో తెలియాలి. గట్టు తన ఎత్తుకు ఉండాలి, ఇప్పుడున్న గట్టు మీద పిండి కలిపితే భుజం లాగేస్తోంది. అంట్లు తోమే చోట ఎండ పడాలి, లేకపోతే పాచి పడుతుంది. గచ్చు జారకూడదు. పడమటి కిటికీ వద్దే వద్దు, నాన్న ఉన్నప్పటి నుంచీ చెబుతున్నా ఎవరూ వినలేదు అంది. తమ్ముడు అన్నీ రాసుకుని కాంట్రాక్టర్ దగ్గరకు తీసుకెళ్ళాడు. ఇలాగైతే ఎలివేషన్ మొత్తం మార్చాల్సి వస్తుందన్నాడట ఆయన. మార్చమన్నాం.